ట్రాపింగ్ కోర్సు: ఫీజు కంటే ముందు లెక్కేయాల్సినవి

ట్రాపింగ్ కోర్సుకు ఎంతవుతుందని అడిగినవాళ్లకు ఫీజు ఒక్కటే చెబితే సగం అబద్ధం చెప్పినట్టే. కెనడాలోగానీ అమెరికాలోగానీ ట్రాప్‌లు పెట్టి బొచ్చు జంతువులను పట్టే ఈ వేటలోకి కొత్తగా దిగేవాళ్లు ఫీజు దగ్గర పెద్దగా దెబ్బతినరు. పోగొట్టుకునే పని రోజుల దగ్గర, తిరగాల్సిన దూరం దగ్గర, పనికిరాని ట్రాప్‌లు ముందే కొనేసుకున్న దగ్గర దెబ్బతింటారు. కొందరికైతే సర్టిఫికెట్ చేతికొచ్చాక ట్రాప్ పెట్టడానికి చోటే ఉండదు.

రెండు దేశాల్లో డబ్బు వచ్చే దారి వేరు. అది తెలిస్తే ఫీజుల తేడా వెంటనే అర్థమవుతుంది. అమెరికాలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ల మీద 10 శాతం పన్ను తయారీదారుల దగ్గరే వసూలవుతుంది. అందులోంచి వన్యప్రాణి సంరక్షణకు, వేట శిక్షణకు రాష్ట్రాలకు వాటాలు వెళ్తాయి. రాష్ట్రం పెట్టిన ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం తిరిగిస్తుంది. మిగతా పాతిక శాతాన్ని రాష్ట్రం చూపించాలి. స్వచ్ఛందంగా పాఠం చెప్పే ఇన్‌స్ట్రక్టర్ గంటలకు విలువ కట్టి ఈ పాతిక కింద చూపించవచ్చు. క్లాసులో హాజరు పట్టీ, గంటల పట్టీ అంత పట్టుగా నింపించుకునేది అందుకే. ఆ కాగితమే రాష్ట్రానికి డబ్బు. చాలా రాష్ట్రాల్లో ట్రాపర్ శిక్షణ కూడా వేట శిక్షణ విభాగం కిందే నడుస్తుంది కాబట్టి విద్యార్థి మీద భారం తక్కువ. న్యూయార్క్‌లో కొత్త ట్రాపర్‌కు కోర్సు తప్పనిసరి, ఫీజు మాత్రం లేదు.

కెనడాలో ఇలాంటి ప్రత్యేక పన్ను లేదు. కోర్సులను ఎక్కువగా ట్రాపర్ల సంఘాలు, వాటి గుర్తింపు ఉన్న ఇన్‌స్ట్రక్టర్లు నడుపుతారు. హాలు అద్దె, మాన్యువల్, ఒలిచి చూపించడానికి జంతు కళేబరాలు, ఇన్‌స్ట్రక్టర్ ప్రయాణం, అన్నీ విద్యార్థుల జేబులోంచే రావాలి. అందుకే అక్కడ ఫీజు కొన్ని వందల డాలర్ల దాకా వెళ్తుంది, పైగా ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒక్కోలా ఉంటుంది. దీన్ని దోపిడీ అనడం అన్యాయం. పది మంది కూర్చున్న క్లాసులో ఖర్చులన్నీ పోను ఇన్‌స్ట్రక్టర్‌కు మిగిలేదాన్ని గంటలతో భాగిస్తే, ఆ జీతానికి ఎవరూ పనిలో చేరరు.

గంటల సంగతికొద్దాం. అంటారియోలో కోర్సు కనీసం 40 గంటలు. బ్రిటిష్ కొలంబియాలో మూడు రోజులు. క్యూబెక్‌లో ట్రాపింగ్‌కు వేట సర్టిఫికెట్ సరిపోదు, ట్రాపింగ్ కోర్సు విడిగా చేయాలి. అమెరికా రాష్ట్రాల్లో చాలాచోట్ల ఇంటి దగ్గర చదువుకుని వచ్చి ఒక రోజు క్లాసులో కూర్చుంటే సరిపోతుంది. మినసోటాలో ఇది పుట్టిన తేదీని బట్టి ఉంటుంది: 1989 డిసెంబర్ 31 తర్వాత పుట్టి, అంతకుముందు ట్రాపింగ్ లైసెన్స్ తీసుకోనివాళ్లకు కోర్సు తప్పదు. కాలిఫోర్నియాలో అయితే ప్రశ్నే లేదు, 2019లో చేసిన చట్టంతో ఫర్ (బొచ్చు చర్మం) కోసం ట్రాపింగ్ అక్కడ నిషేధం.

నలభై గంటలంటే కాగితం మీద చిన్న అంకె. క్లాసు జరిగే ఊరు ఇంటికి 150 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. సాయంత్రం నాలుగేసి గంటల చొప్పున పెడితే పది సాయంత్రాలు, పది రానుపోను ప్రయాణాలు, మొత్తం 3,000 కిలోమీటర్లు. అదే కోర్సును శని, ఆదివారాల్లో ఎనిమిదేసి గంటలు పెడితే అయిదు రోజులు, మూడు వారాంతాలు, 900 కిలోమీటర్లు, రెండు రాత్రుల బస. ఫీజు ఒకటే, ఖర్చు మాత్రం ఎక్కడికక్కడ. పట్టణంలో ఉన్నవాళ్లకు సాయంత్రపు క్లాసు హాయి. మారుమూల ఉండేవాళ్లకు అదే క్లాసు తలుపు మూసేసినట్టు. ట్రాపింగ్‌కు అనువైన నేల ఉన్నది వీళ్ల దగ్గరే కావడం విచిత్రం. కాబట్టి కోర్సు వివరాలు చూసేటప్పుడు ఫీజు గడి కంటే ముందు టైమ్‌టేబుల్ చూడాలి. కనీస సంఖ్య నిండకపోతే క్లాసు రద్దవుతుందా అన్నది రెండో ప్రశ్న. బస బుక్ చేసుకున్నాక క్లాసు రద్దయితే ఫీజు వెనక్కి వస్తుందేమోగానీ బస డబ్బు రాదు.

కోర్సులు ఎక్కువగా వేసవి చివర్లో, సీజన్ మొదలయ్యే ముందు పెడతారు. అందరూ అప్పుడే లేస్తారు, సీట్లు అప్పుడే నిండిపోతాయి. వసంతంలో తీరిగ్గా ఎందుకు పెట్టరు అని అడిగేవాళ్లుంటారు. పెట్టేవాళ్లు పెడతారు. ఎప్పుడు పెట్టినా చర్మం ఒలవడం నేర్పాలంటే కళేబరం కావాలి. అంటే ఇన్‌స్ట్రక్టర్ చలికాలంలో పట్టిన మస్క్‌రాట్‌లను (నీటి ఎలుకల్లాంటి జంతువులను) ఒలవకుండా నెలల తరబడి ఫ్రీజర్‌లో దాచి ఉంచాలి. పది మంది క్లాసులో ఒక్కో విద్యార్థికి ఒక్కటే ఇవ్వాలన్నా పది జంతువులు కావాలి. అవి కరగడానికి క్లాసుకు ఒక రోజు ముందే బయటపెట్టాలి. పైన మెత్తబడి లోపల గడ్డకట్టి ఉంటే కత్తి జారి చర్మం చిరుగుతుంది. మరీ ఎక్కువసేపు వదిలేస్తే పొట్ట దగ్గర కుళ్లు మొదలై వెంట్రుక ఊడుతుంది. కళేబరాలు చాలక ముగ్గురు నలుగురికి ఒకటి చొప్పున ఇచ్చే క్లాసులో నిజంగా ఒలిచేది ఒక్కరే, మిగతావాళ్లు చూస్తారు. డబ్బు కట్టేముందు మనిషికి ఎన్ని కళేబరాలు అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఆన్‌లైన్ కోర్సులు వచ్చాక దూరం సమస్య సగం తీరింది. చట్టాలు, జంతువుల జీవితం, అడుగుజాడలు, రోగాలు, నైతిక నియమాలు తెర మీద బాగానే నేర్చుకోవచ్చు. తీరని సగం చేతులది.

ఉదాహరణకు 330 ట్రాప్ తీసుకోండి. ఫ్రాంక్ కానిబేర్ 1950ల్లో రూపొందించిన బాడీ-గ్రిప్ (ఒళ్లు పట్టి చంపే) ట్రాప్‌ల వరసలో పెద్దది ఇది. నోరు 10 అంగుళాలు, రెండు స్ప్రింగ్‌లు, బీవర్‌కీ (చెట్లు కొరికి నీటికి అడ్డుకట్ట వేసే పెద్ద ఎలుక జాతి జంతువు) నీటికుక్కకీ వాడతారు. 110 అంటే ఒకే స్ప్రింగ్, మస్క్‌రాట్‌కు. 120 అంటే దాదాపు అదే నోరు, రెండు స్ప్రింగ్‌లు, మింక్‌కు, మార్టెన్‌కు (రెండూ ముంగిసలాంటి చిన్న జంతువులు). 220 ఏడు అంగుళాల నోరు, పిల్లి కంటే కాస్త పెద్దదైన రాకూన్ వంటివాటికి. 330 స్ప్రింగ్‌ను వట్టి చేతులతో నొక్కడం బలవంతుడికే కష్టం. సెట్టర్ అనే పొడవు పిడుల పట్టకారుతో నొక్కి, ఒక్కో స్ప్రింగ్‌కూ ఉన్న కొక్కెం తగిలించి, ఆ తర్వాతే దవడలు తెరిచి డాగ్ అనే లోహపు నాలుకను ట్రిగ్గర్‌కు తగిలించాలి. కొక్కేలు తీసేది అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పినవాళ్ల ముంజేయి దాన్లో ఇరుక్కుంటుంది. ఒక చేయి ఇరుక్కున్నప్పుడు సెట్టర్ పనికిరాదు, ఎందుకంటే దానికి రెండు చేతులు కావాలి.

అందుకే జేబులో అయిదారడుగుల గట్టి నైలాన్ తాడు ఉండాలి, ఒక కొసన పాదం పట్టేంత ముడి ఉచ్చుతో. ఉచ్చులో పాదం పెట్టి, తాడు రెండో కొసను ఒక స్ప్రింగ్ కన్నుల్లోంచి (కొసలనున్న రింగుల్లోంచి) దూర్చి, చుట్టి తెచ్చి మళ్లీ అదే కన్నుల్లోంచి దూర్చి, పాదంతో కిందకు తొక్కుతూ ఖాళీ చేత్తో పైకి లాగాలి. స్ప్రింగ్ దగ్గరకొచ్చాక కొక్కెం తగిలించి రెండోదానికి వెళ్లాలి. చదివితే మూడే వాక్యాలు. ఒంటిచేత్తో, చలికి మొద్దుబారిన వేళ్లతో, మంచు మీద మోకాళ్ల మీద కూర్చుని చేయాల్సి వస్తే అది వేరే సంగతి. క్లాసులో ప్రతి విద్యార్థి చేతా, ఎడమ చేత్తో ఒకసారి కుడి చేత్తో ఒకసారి, ఇది చేయించే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఫీజు ఎంతైనా గిట్టుబాటే. వీడియో చూపించి వదిలేసే క్లాసు ఉచితమైనా ఖరీదే.

కాలు పట్టే ఫుట్‌హోల్డ్ ట్రాప్ దగ్గర ప్రమాదం తక్కువ, నేర్పు ఎక్కువ. కొత్త ట్రాప్‌ను ఫ్యాక్టరీ నూనె పోయేలా ఉడికించి, పలచగా తుప్పు పట్టనిచ్చి, లాగ్‌వుడ్ అనే చెట్టు నుంచి తీసే రంగులో మరిగించి, మైనంలో ముంచి తీస్తారు. మైనపు తొట్టిని నేరుగా మంట మీద పెట్టడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు, అంటుకుంటుంది. ఆ తర్వాత పాన్ (జంతువు అడుగు వేసే పలక) బిగువు. నక్కకు సుమారు రెండు పౌండ్లు, కయోటీకి (నక్క కంటే పెద్దదైన తోడేలు జాతి జంతువు) మూడున్నర నాలుగు. బిగువు తక్కువైతే ఉడత అడుగు పెట్టినా ట్రాప్ పడిపోతుంది. ఇక పాతేటప్పుడు ట్రాప్ కింద మట్టి గట్టిగా కూరాలి. ఒక మూల తొక్కితే ఇంకో మూల లేచిందంటే కయోటీ కాలి కింద కదలిక తెలుసుకుని ఆగిపోతుంది, ఆగి తవ్వి ట్రాప్‌ను తిరగేసి పోతుంది. చాలామంది దీన్ని వాసన తప్పు అనుకుని చేతొడుగులు మారుస్తూ కూర్చుంటారు. తప్పు కూరడంలో ఉంటుంది. గడ్డకట్టే చలిలో తడి మట్టి రాయైపోతుంది కాబట్టి మైనం కలిపిన మట్టిగానీ ఎండిన పీట్ మాస్ (బురద నేలల్లో పెరిగే నాచు) గానీ వాడాలి. ఈ పనికి క్లాసులో కనీసం రెండు గంటలు నేల మీద కూర్చోవాలి. బెంచీల మధ్య అయ్యేది కాదు.

చర్మాల పని కూడా అంతే. కొవ్వు పూర్తిగా గీకకపోతే ఎండేటప్పుడు అది తోలులోకి దిగి కాల్చేస్తుంది, అక్కడ టానింగ్ (తోలు పదును చేయడం) నిలవదు. మరీ గట్టిగా గీకితే వెంట్రుక కుదుళ్లు తెగి బొచ్చు రాలుతుంది. ఎండబెట్టే గది 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే చాలు, గాలి ఆడాలి. పొయ్యి దగ్గర వేలాడదీస్తే అంచులు పెళుసెక్కి విరుగుతాయి. మస్క్‌రాట్, రాకూన్ తోలు బయటికి ఉంచి ఆరబెడతారు. నక్క, కయోటీ మొదట తోలు బయటికి ఉంచి, తడి తగ్గి కాస్త జిగురుగా ఉన్నప్పుడే తిప్పి బొచ్చు బయటికి తేవాలి. ఆలస్యం చేస్తే తిరగదు, చిరుగుతుంది. బీవర్‌ను కోడిగుడ్డు ఆకారపు పలక మీద చుట్టూ మేకులతో బిగిస్తారు, పొడవు వెడల్పు కలిపి అంగుళాల్లో సైజు కడతారు. సైజు పెంచుదామని పొడవునా లాగితే బొచ్చు పలచబడి గ్రేడు పడిపోతుంది. ఎటు చూసినా నష్టమే.

ఏ జంతువుకు ఏ ట్రాప్ వాడాలన్నది కూడా తెలియాలి, ఎందుకంటే కెనడాలో ట్రాపింగ్ అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి ఉంది. మానవీయ ట్రాపింగ్ ప్రమాణాల మీద 1997లో యూరోపియన్ యూనియన్, కెనడా, రష్యా ఒప్పుకున్నాయి. అమెరికా ఒప్పందంలో చేరలేదు, విడిగా ఒక అవగాహన పత్రం మీద నిలబడింది. చంపే ట్రాప్‌కు పరీక్ష ఇలా ఉంటుంది: కనీసం 12 జంతువుల మీద పరీక్షించాలి, వాటిలో 80 శాతం నిర్ణీత సమయంలో స్పృహ కోల్పోవాలి. ఎర్మిన్‌కు (మార్టెన్ కంటే చిన్న జంతువు) 45 సెకన్లు, మార్టెన్‌కు 120, బీవర్ వంటివాటికి 300. నెగ్గిన మోడళ్ల జాబితాను ఫర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడా జంతువు వారీగా ప్రకటిస్తుంది.

డబ్బు దగ్గర ఈ జాబితా ఎలా తగులుతుందో చూడండి. కోర్సుకు ముందే ఉత్సాహం కొద్దీ ఎవరి షెడ్డులోనో మూలపడ్డ పాత ట్రాప్‌ల సంచీ చవగ్గా కొంటారు. మార్టెన్‌కు 120 సైజని విన్నారు, సంచీలో ఉన్నవీ 120లే. కానీ ఆమోదం సైజుకు కాదు, తయారీదారు మోడల్‌కు. సావాజో 2001-5, బెలీల్ సూపర్ ఎక్స్ 120, రూడీ 120 మాగ్నమ్ లాంటి పేర్లు జాబితాలో ఉంటాయి. సంచీలోని పాత మోడల్‌కు పేరు లేకపోతే ఆ జంతువుకు వాడకూడదు. అలా డజను ట్రాప్‌ల డబ్బు మట్టిలో పోసినట్టే. క్లాసు అయ్యాక, ఏ జంతువు వెంట వెళ్తున్నారో తేలాక, ఆ ఒక్కదానికి అర డజను ట్రాప్‌లతో మొదలుపెట్టినవాళ్లకు ఈ నష్టం ఉండదు.

ట్రాప్‌లు కాక ఇంకొన్ని ఖర్చులు క్లాసు కరపత్రంలో కనిపించవు. తుపాకీ అవసరమైతే కెనడాలో దాని లైసెన్స్ వేరు, దానికి ముందు తుపాకీ భద్రతా కోర్సు వేరు, ఫీజూ వేరు. భుజం దాకా వచ్చే రబ్బరు తొడుగులు, గీకే కత్తి, గీకే దూలం, ఆరబెట్టే పలకలు కావాలి. దూలం, పలకలు ఇంట్లో చేసుకోవచ్చు. కత్తి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒలిచేటప్పుడు పలచటి రబ్బరు తొడుగులు తప్పనిసరి: మస్క్‌రాట్, బీవర్ నుంచి తులరేమియా అనే బ్యాక్టీరియా జ్వరం, రాకూన్ పేడ నుంచి గుండ్రటి పురుగు, నక్క కయోటీల నుంచి టేప్‌వర్మ్, అన్నీ మనిషికి అంటేవే. డబ్బా ఖరీదు కోర్సు మొత్తంలో చిల్లర కింద లెక్క.

ఆదాయం వైపు కూడా చూడాలి. 2019 చివర్లో నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరాక ట్రాపర్లకు పెద్ద వేలం దారి ఒకటి మూసుకుపోయింది. అంటారియోలోని నార్త్ బేలో ఫర్ హార్వెస్టర్స్ ఆక్షన్ మిగిలింది. ఒక్క మస్క్‌రాట్ చర్మానికి పట్టుమని పది డాలర్లు రాని మార్కెట్టులో, కోర్సు ఖర్చు మొదటి సీజన్‌లోనే తిరిగి రాబట్టాలనుకుంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, ఇక్కడ అక్షరాలా. లెక్క సరిపోవాలంటే కోర్సును అయిదారేళ్ల మీద పరిచి చూడాలి.

అన్నిటికంటే పెద్ద అడ్డు సర్టిఫికెట్ వచ్చాక ఎదురవుతుంది. కెనడాలో ప్రభుత్వ భూమిలో ఎక్కువ భాగం రిజిస్టర్డ్ ట్రాప్‌లైన్‌లుగా, అంటే ఒక్కో ట్రాపర్ పేరిట నమోదైన ప్రాంతాలుగా విడగొట్టి ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలో ఈ పద్ధతి 1926 నుంచీ ఉంది, అక్కడ ట్రాప్‌లైన్ చేతులు మారాలంటే డబ్బూ మారుతుంది. ఆల్బర్టాలో వీటినే ఫర్ మేనేజ్‌మెంట్ ఏరియాలంటారు. ఒక లైన్ ఖాళీ అయ్యేదాకా కొత్తవాళ్లు ఆగాలి, లేదా ఉన్న ట్రాపర్ దగ్గర సహాయకుడిగా చేరాలి, లేదా ప్రైవేటు భూమి యజమాని అనుమతి తెచ్చుకోవాలి. అందుకే వరస తిరగేయడం మంచిది: ముందు చోటు, లేదా చోటున్న పెద్దమనిషి, తర్వాత కోర్సు. పంటకాలువల్లో బీవర్ గట్లు కట్టి పొలం ముంచుతోందని బాధపడే రైతు అనుమతి ఇవ్వడానికి ఎక్కువ ఆలోచించడు. కొత్తవాళ్లు మొదట వెళ్లాల్సిన గుమ్మం అదే.

ఉత్తరాది ఆదివాసీ సమాజాల సంగతి వేరు. కెనడా రాజ్యాంగ చట్టం 1982లోని 35వ సెక్షన్ వాళ్ల ఒప్పంద హక్కులను, సంప్రదాయ హక్కులను గుర్తిస్తుంది. అక్కడి పిల్లలకు క్లాసు కంటే పెద్దవాళ్ల వెంట నడవడమే అసలు బడి. అయినా ధ్రువీకరించిన ట్రాప్‌లు, వేలానికి తగ్గట్టు చర్మం తయారీ వంటివి వాళ్లకూ కావాలి. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ప్రభుత్వమే జెన్యూయిన్ మెకెంజీ వ్యాలీ ఫర్స్ పథకం కింద ట్రాపర్లకు చర్మాల మీద ముందస్తు డబ్బు ఇస్తుంది. పిల్లలను ట్రాపింగ్‌కు తీసుకెళ్లే కార్యక్రమానికీ సాయం చేస్తుంది. విద్యార్థిని ఊరికి రప్పించడం కంటే పాఠాన్ని విద్యార్థి ఊరికి పంపడం చవక అని అక్కడివాళ్లు ఎప్పుడో గ్రహించారు. దక్షిణాన ఉన్న సంఘాలు ఈ ఒక్కటి నేర్చుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి.

వేరే రాష్ట్రం సర్టిఫికెట్‌తో వచ్చేవాళ్లు అది చెల్లుతుందో లేదో ఫోనులో అడిగి ఊరుకోకుండా రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. పాత లైసెన్స్ కాగితాలు పారేయకూడదు. ఫలానా ఏడాదికి ముందు లైసెన్స్ ఉన్నవాళ్లకు కోర్సు అక్కర్లేదనే నిబంధన ఉన్నచోట ఆ చిరిగిన కాగితమే సాక్ష్యం. పరీక్ష అయిన రోజే సర్టిఫికెట్ నంబర్ ఇస్తారా, వారాల తర్వాత పోస్టులో వస్తుందా అన్నదీ అడగండి. అక్టోబర్ చివర్లో సీజన్ తెరుచుకునే చోట సెప్టెంబర్ ఆఖరి వారం క్లాసు చేసి, కాగితం నవంబర్ మధ్యలో అందితే, చెరువులు గడ్డకట్టకముందు మస్క్‌రాట్‌కు దొరికే మంచి వారాలు అయిపోయి ఉంటాయి. ఆ తర్వాత మిగిలేది మంచు కింద ట్రాప్‌లు పెట్టడమే. బీవర్ గూడు దగ్గర, అవి ఈదే దారుల మీద మంచు ఎప్పుడూ పలచగా ఉంటుంది. నాలుగు అంగుళాల గట్టి మంచు ఉందని ఒడ్డున కొలిచి అక్కడికి నడవకూడదు, పది అడుగులకోసారి గొడ్డలితో కొట్టి చూసుకుంటూ వెళ్లాలి. మొదటి ఏడాదివాళ్లు ఒంటరిగా దిగాల్సిన పని కాదది.